అనకాపల్లి బెల్లపు బజారు

కొన్ని ఊళ్లు కోటలవల్ల ప్రసిద్ధికెక్కినవి. కొన్ని కోవెలలవల్ల, మరికొన్ని కవులవల్ల. అనకాపల్లికి పేరు తెచ్చినది బెల్లం. శారదా నది ఒడ్డున వెలసిన ఈ పట్టణం ఒడిశాలోని కిరాణా వర్తకునికీ, వంగదేశంలోని మిఠాయి దుకాణదారునికీ తెలిసినదంటే అందుకు కారణం ఇక్కడినుంచి వెళ్లిన బెల్లపు దిమ్మే. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ తరువాత దేశంలో అంతటి బెల్లపు బజారు అనకాపల్లిదేనని వర్తకలోకంలో వాడుక.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. అంతకుముందే, 2013లో, పురపాలక సంఘంగా దానికున్న ప్రత్యేక ప్రతిపత్తి పోయి మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయినది. ఒక చేత్తో పోయిన గౌరవం మరొక చేత్తో వచ్చినట్లయినది. కార్యాలయాలు వచ్చినవి, రోడ్లు వెడల్పవుతున్నవి, స్థలాల ధరలు పెరిగినవి. ఇటువంటి సమయంలోనే ఒక ప్రశ్న తలయెత్తుతున్నది. ఏ వ్యాపారంమీద ఈ పట్టణం నిలబడినదో ఆ వ్యాపారానికి సంబంధించిన పాత మండీలనూ, కొట్లనూ, వేలంపాటల అరుగులనూ వారసత్వ సంపదగా లెక్కించవలెనా? లెక్కిస్తే వాటిని కాపాడే మార్గమేమిటి?

ఈ ప్రశ్న అనకాపల్లి ఒక్కదానిదే కాదు. పత్తికి ఆదోని, మిరపకు గుంటూరు, పసుపుకు దుగ్గిరాల, బెల్లానికి అనకాపల్లి. ఇట్లా ఒక్కొక్క సరకు చుట్టూ పెరిగిన ప్రతి తెలుగు పట్టణానికీ ఇది నేడో రేపో ఎదురుకాక తప్పదు.

కొండమీది కట్టడం, కొండకింది బజారు

అనకాపల్లికి కొద్ది కిలోమీటర్ల దూరంలో శంకరం గ్రామం ఉన్నది. అక్కడి బొజ్జన్నకొండ, లింగాలకొండ అనే రెండు గుట్టలమీద రాతిలో తొలిచిన స్తూపాలు, గుహాలయాలు, ఇటుకలతో కట్టిన విహారాల పునాదులు కనిపిస్తవి. 1907-08లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపించినాడు. ఆ తవ్వకాలలో సముద్రగుప్తుని బంగారు నాణెమొకటి, తూర్పు చాళుక్యరాజైన విష్ణువర్ధనుని రాగి నాణేలు అనేకం, అశ్వముద్ర గల ఒక సీసపు నాణెం బయటపడినవి. భిక్షువులు నివసించిన చోట నాణేలు దొరకడం విడ్డూరమేమీ కాదు. ఆరామాలు బాటలకు సమీపంలో వెలిసినవి. బాటలవెంట బిడారులు నడిచినవి. బిడారులతో వర్తకులు వచ్చి దానధర్మాలు చేసినారు. నాణెం దొరికిన చోట బజారు ఎంతో దూరంలో ఉండదు.

శంకరం గుట్టలు నేడు కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపున కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరి రెండు వందల మీటర్ల మేరకు అనుమతి లేనిదే ఏమీ కట్టరాదు. రాయికి ఇంత కాపలా ఉండడం న్యాయమే. ఆ గుట్టలు పోతే మళ్లీ రావు.

అయితే ఆ చట్టం దృష్టి ఎటువంటిదో గమనించవలె. కనీసం నూరేండ్ల వయస్సు, చారిత్రకంగానో కళాదృష్టితోనో విశిష్టత, వీటితోపాటు జాతీయ ప్రాముఖ్యం ఉన్నదని ప్రభుత్వం ప్రకటించడం: ఇవన్నీ ఉంటేనే రక్షణ. రాజు కట్టించిన కోటకు, భక్తుడు తొలిపించిన గుహకు ఈ కొలబద్ద సరిపోతుంది. వర్తకుడు తన అవసరానికి కట్టుకొని, మూడు తరాలుగా ఒక్కొక్క గది చేర్చుకుంటూ వచ్చిన మండీకి ఇది సరిపోదు. అందులో శిల్పం లేదు, శాసనం లేదు, కట్టించినవారి బిరుదావళి లేదు. పైగా అది ఇంకా పనిచేస్తున్నది. పనిచేస్తున్న వస్తువును ప్రాచీనమనడానికి ఎవరికీ మనస్సొప్పదు. అందుచేతనే కొండమీది కట్టడానికి పట్టికలో స్థానం దొరికినది. కొండకింది బజారుకు కేంద్ర రక్షిత కట్టడాల పట్టికలో చోటు లేదు.

బజారు పుట్టిన విధం

బెల్లపు బజారు పుట్టుకకు మూలం చెరకు పొలం. నాటినది మొదలు నరికేవరకు చెరకు ఇంచుమించు ఏడాది పంట. మొక్కతోట నరికిన తరువాత మళ్లీ మొలిచే కార్శి తోటవల్ల విత్తనపు ఖర్చు కలిసివస్తుంది. గాలివానకు పడిపోకుండా గడలను కలిపి జడచుట్టు వేయడం, నరికిన గడను ఆలస్యం లేకుండా గానుగకు చేర్చడం, రసాన్ని పెనంలో కాచి సున్నంతో మలినాన్ని తేర్చడం, పాకం ముదిరిన క్షణాన్ని కనిపెట్టి దించడం: వీటిలో ప్రతిదీ చేతికీ కంటికీ అలవడవలసిన విద్యే. సుమారు పది టన్నుల చెరకు ఆడితే ఒక టన్ను బెల్లం దిగుతుంది. మిగిలిన పిప్పే పొయ్యికి వంటచెరకు. పొలమే కర్మాగారం, రైతే యజమాని.

ఈ పంటకు దూరపు బజారును చేరువ చేసినది రైలు. 1893, 1896 సంవత్సరాల మధ్య తూర్పుకోస్తా రైలుమార్గం బెజవాడనుంచి కటకందాకా దశలవారీగా పూర్తయినది. అంతవరకు బండ్లమీదా పడవలమీదా సాగిన సరకు ఆపైన రైలుపెట్టెలలో కలకత్తా దిక్కుకూ, మద్రాసు దిక్కుకూ వెళ్లసాగినది. బెల్లం బరువైన సరకు. తడిస్తే చెడిపోయే సరకు. అటువంటి దానికి రైలుస్టేషను దగ్గరనే బజారు ఉండడం ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

రైలు తరువాత వచ్చినది శాస్త్రం. 1912లో కోయంబత్తూరులో చెరకు వంగడాల పరిశోధనాలయం వెలసినది. ఆ మరుసటి యేడే, 1913లో, అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం ఏర్పడినది. నూరేండ్లు దాటిన ఆ సంస్థ నేటికీ చెరకుమీదా బెల్లంమీదా పరిశోధనలు సాగిస్తూనే ఉన్నది. అక్కడ ఎంపికైన చెరకు వంగడాల పేర్లలో కనిపించే 'ఎ' అనే అక్షరం అనకాపల్లికి గుర్తు. ఒక ఊరి పేరు పంట పేరులో చేరడం సామాన్యమైన గౌరవం కాదు.

మూడవది చక్కెర. 1932లో ప్రభుత్వం దేశీయ చక్కెర పరిశ్రమకు సుంకపు రక్షణ కల్పించగా దేశమంతటా మిల్లులు లేచినవి. ఈ ప్రాంతంలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో 1933లో రైతుల సహకార సంఘం ఏర్పడి చక్కెర పరిశ్రమకు పూనుకున్నది. అనకాపల్లి పక్కనే తుమ్మపాలలోనూ సహకార చక్కెర మిల్లు వెలసినది. మిల్లులు వస్తే బెల్లం అంతరిస్తుందని అనుకోవచ్చును. ఇక్కడ అట్లా జరగలేదు. మిల్లుకు చెరకు తోలిన రైతు డబ్బుకోసం నిరీక్షించవలసివచ్చేది. బెల్లం వండిన రైతు దిమ్మలు బండికెత్తి బజారుకు తోలి త్వరగా సొమ్ము కళ్లజూడగలిగేవాడు. మిల్లు మొరాయిస్తే బజారు, బజారు పడిపోతే మిల్లు. ఈ రెండు దారులు ఉండడమే రైతు చేతిలోని అసలు బలం.

కట్టడానికి కొలత ఇచ్చినది సరకే

బెల్లం గాలిలోని తేమను పీల్చుకొనే వస్తువు. ఎండాకాలంలో రాయివలె ఉన్న దిమ్మ శ్రావణభాద్రపదాలలో చెమర్చి, జారి, రంగు మారి, పులిసిపోతుంది. ఈ ఒక్క గుణమే దానిని నిలవచేసే కట్టడపు రూపాన్ని నిర్ణయించినది. నేల ఎత్తుగా ఉండవలె; గోడలు మందంగా ఉండవలె; కిటికీలు కొద్దిగానే ఉండవలె; తలుపు మూస్తే తేమగాలి చొరరాదు. ముందుభాగంలో మాత్రం బండి ఆగడానికి వీథి, దిమ్మలు దించడానికి అరుగు, కాటా వేలాడదీయడానికి దూలం, గుమస్తా కూర్చోవడానికి ఎత్తైన పీట, లెక్కల పుస్తకాలకు పెట్టె కావలె. పాత బజారు కట్టడాన్ని చూసి ఇది అందంగా లేదనేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. అందులో ఏ కొలతా ఊరకే రాలేదు.

కట్టడంకంటె ముఖ్యమైనది ఆ అరుగుమీద జరిగే బేరం. పూర్వకాలపు బజారులో రైతుకు జరిగిన అన్యాయాలు తక్కువేమీ కావు. 1928లో నివేదిక సమర్పించిన రాజకీయ వ్యవసాయ సంఘం భారతదేశపు బజారుల తీరును వివరంగా చర్చించినది. గుడ్డ కింద చేతులు కలిపి వేళ్ల సంజ్ఞలతో ధర తేల్చుకొనే పద్ధతి కొన్నిచోట్ల ఉండేది. సరకు తనదైనా ధర ఎంతో రైతుకు తెలిసేది కాదు. తప్పుడు తూకాలు, తరుగు పేరిట, నమూనా పేరిట, ధర్మం పేరిట కోతలు సర్వసామాన్యం. ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచే బజారులు నెలకొల్పవలెనని ఆ సంఘం సూచించినది. 1933లో మద్రాసు వాణిజ్యపంటల బజారుల చట్టం వచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట 1966లో వ్యవసాయోత్పత్తుల మార్కెట్ల చట్టం వచ్చి, మార్కెట్ కమిటీలకూ, లైసెన్సులకూ, బహిరంగ వేలంపాటకూ, రుసుముకూ నియమాలు ఏర్పరచినది.

తూకంలోనూ విప్లవం వచ్చినది. మణుగుకు ఎనిమిది వీశెలు, బారువకు ఇరువది మణుగులు అనే పాతలెక్క పోయి, 1956 నాటి తూనికల చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరునుంచి కిలోగ్రాముల లెక్క క్రమంగా అమలులోకి వచ్చినది. పాఠశాలలో పిల్లవాడు మెట్రిక్ పద్ధతి నేర్చుకొని ఇంటికి వచ్చి తాతకు బోధించిన రోజులవి. బజారులో మాత్రం కొలగార్లు కొన్నాళ్లపాటు రెండు లెక్కలూ నాలుకమీదనే ఉంచుకోవలసివచ్చినది.

ఈ చరిత్ర తెలిసినవారికి మార్కెట్ యార్డు అంటే రేకుల కప్పులూ సిమెంటు అరుగులూ మాత్రమే కాదు. గుడ్డ కింద జరిగిన బేరం వెలుగులోకి వచ్చిన చోటు అది. అనకాపల్లి యార్డులో దిమ్మలను రంగునుబట్టి, గట్టితనాన్నిబట్టి మొదటిరకం, రెండవరకం, మూడవరకం అని విడదీస్తారు. రైతు ఎదుట పాట సాగుతుంది. కొలగారు తూస్తాడు, కళాసీ మోస్తాడు, గుమస్తా వ్రాస్తాడు. సరకు ఎవరిది, కొన్నది ఎవరు, ధర ఎంత అన్న మూడు విషయాలూ నలుగురికీ తెలుస్తవి. వారసత్వమనే మాటకు అర్థముంటే ఈ పద్ధతికి అది తప్పక చెందుతుంది.

బజారు పట్టణానికి ఇచ్చినది డబ్బు మాత్రమే కాదు. అనకాపల్లిలోని ఏ.ఎం.ఏ.ఎల్. కళాశాల పేరులోని అక్షరాలను విడదీస్తే అది అనకాపల్లి మర్చంట్స్ అసోసియేషన్ లింగమూర్తి కళాశాల అని తెలుస్తుంది. వర్తక సంఘం పేరు నుదుట ధరించిన కళాశాలలు తెలుగుదేశంలో అరుదు. చెరకు రైతుబిడ్డ పట్టభద్రుడైనాడంటే అందులో ఈ బజారు పాలు కూడ ఉన్నది. ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పదగిన సంగతి ఇది.

మూడు మార్కెట్ల పాఠం

ఇతర ప్రాంతాలలో పాత వ్యాపార కట్టడాలకు ఏ గతి పట్టినదో చూస్తే అనకాపల్లి ముందున్న మార్గాలు స్పష్టమవుతవి.

పారిస్ నగరం నడిబొడ్డున లే ఆల్ అనే గొప్ప బజారు ఉండేది. పందొమ్మిదవ శతాబ్దిలో బాల్తార్ అనే వాస్తుశిల్పి ఇనుము, అద్దాలతో నిర్మించిన మండపాలు దానికి అలంకారం. నగరం ఇరుకైపోయినదని 1969లో ఆ బజారును రుంగిస్ అనే శివారుకు తరలించినారు. ఖాళీగా మిగిలిన మండపాలను 1971లో కూలగొట్టడం మొదలుపెట్టినారు. ప్రజలు గగ్గోలు పెట్టినా ప్రయోజనం లేకపోయినది. ఒక్క మండపం మాత్రం మరొక ఊరికి తరలిపోయి బ్రతికినది. వ్యాపారం వెళ్లిపోయిన వెంటనే కట్టడమూ పోయినది.

లండన్‌లోని కోవెంట్ గార్డెన్ కథ వేరు. 1830లో కట్టిన అక్కడి పండ్లు, కూరగాయల బజారు 1974లో నదికి ఆవలనున్న నైన్ ఎల్మ్స్ అనే చోటికి తరలిపోయినది. ఆ ప్రాంతాన్ని పడగొట్టి పెద్ద రోడ్లు వేయవలెనని పథకం సిద్ధమయినది. స్థానికులు ఎదురుతిరిగినారు. 1973లో ప్రభుత్వం అక్కడి భవనాలను అనేకం రక్షణ పట్టికలో చేర్చడంతో పథకం ఆగిపోయినది. 1980లో పాత మార్కెట్టు మళ్లీ తెరుచుకున్నది, కాని కాయగూరలకు కాదు. యాత్రికులు తిరిగే దుకాణాలకు, ఫలహారశాలలకు. గోడలు నిలిచినవి, బేరం మారిపోయినది.

మూడవ ఉదాహరణకు సముద్రాలు దాటనక్కరలేదు. హైదరాబాదులో 1935లో ఏడవ నిజాం కాలంలో, ఆయన రెండవ కుమారుని పేరిట మొజంజాహీ మార్కెట్టు లేచినది. నల్లరాతి గోడలు, గుమ్మటాలు, గడియారపు బురుజు గల ఈ కట్టడం తెలుగునేలమీద ప్రజల బజారుకోసం కట్టిన భవనాలలో ప్రముఖమైనది. పండ్ల టోకు వ్యాపారం దానినుంచి తరువాత గడ్డిఅన్నారానికి తరలిపోయినది. 1995లో హైదరాబాదు నగరాభివృద్ధి నిబంధనలలో వారసత్వ కట్టడాల రక్షణకు ప్రత్యేక నిబంధన చేర్చినారు. ఆ పట్టికలో ఈ మార్కెట్టు ఉన్నది. పట్టికలో పేరున్నంతమాత్రాన కప్పు కారడం ఆగలేదు. రేకుల పందిళ్లు, ప్రకటనల పలకలు దాని ముఖాన్ని కప్పివేసినవి. 2018లో మొదలైన మరమ్మతులు పూర్తయి 2020 ఆగస్టులో అది కొత్తకళతో మళ్లీ తెరుచుకున్నది. దుకాణాలు లోపలనే ఉన్నవి. పట్టణప్రజలు అక్కడికి పోయి పండ్లూ, ఐస్‌క్రీమూ కొనుక్కుంటూనే ఉన్నారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. రక్షణ పట్టికకు కూల్చివేతను ఆపే శక్తి ఉన్నది; వ్యాపారాన్ని నిలబెట్టే శక్తి లేదు. మహానగరంలో వ్యాపారం మారినా కట్టడానికి మరొక ఉపయోగం దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ చూడవచ్చేవారుంటారు, కొనేవారుంటారు. చిన్న పట్టణానికి ఆ భాగ్యం లేదు. అనకాపల్లిలో బెల్లం అమ్మకపోతే బెల్లపు మండీని చూడడానికి లండనునుంచి యాత్రికులు రారు. కనుక ఇక్కడ కట్టడమూ, వ్యాపారమూ కలిసి బ్రతకవలె. లేకుంటే రెండూ కలిసి పోవలె.

నేటి పరిస్థితి

వ్యాపారం ఎట్లా ఉన్నదో ఇప్పుడు చూడవలె. చెరకు సాగు ఈ ప్రాంతంలో ఏటికేడు తగ్గుతున్నది. కారణాలు దాచిపెట్టినవేమీ కావు. చెరకు నరకడానికి, మోయడానికి, వండడానికి చాలామంది కూలీలు కావలె. అచ్యుతాపురం ఆర్థికమండలిలోనూ, పరవాడ ఔషధ కర్మాగారాలలోనూ పని దొరికిన యువకుడు జనవరి చలిలో తెల్లవారుజామున చెరకుతోటలో కత్తి పట్టుకోడానికి ఇష్టపడడం లేదు. అతనిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. తుమ్మపాల, ఏటికొప్పాక మిల్లులు మూతపడడంతో రైతుకున్న రెండు దారులలో ఒకటి మూసుకుపోయినది. దారి ఒక్కటే మిగిలితే బేరమాడే బలం తగ్గుతుంది. బలం తగ్గిన రైతు సరుగుడు తోటలో, మరొక పంటో వేస్తాడు. లేదా పొలం అమ్ముకుంటాడు.

బెల్లానికి రంగు మరొక చిక్కు తెచ్చిపెట్టినది. కొనేవారు పసుపుపచ్చని బెల్లానికే ఎక్కువ ధర ఇస్తారు. ఆ రంగుకోసం పాకంలో హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ప్రబలినది. అది ఆరోగ్యానికి మంచిది కాదని శాస్త్రజ్ఞులు చెప్పుతూనే ఉన్నారు. రసాయనం కలపని బెల్లం సహజంగా ముదురురంగులో ఉంటుంది; దానికి పాటలో ధర తగ్గుతుంది. మరీ నల్లగా ఉంటే సారాకు ముడిసరకు కావచ్చునని ఆబ్కారీ శాఖ అనుమానం. నిజాయితీగా వండినవానికి ధర లేదు. తక్కువధరకు అమ్మబోతే అనుమానం. ఈ రెంటి నడుమ రైతు నలిగిపోతున్నాడు. వంటకు కావలసినది రంగు కాదు, రుచి అని కొనేవారికి తెలియచెప్పడం కష్టమైన పనేమీ కాదు. సేంద్రియ బెల్లానికి, పొడిబెల్లానికి నగరాలలో గిరాకీ పెరుగుతున్నదన్నది ఆశ కలిగించే విషయం.

ఇక యార్డు మాట. వేలంపాట యార్డులోనే జరగవలెనన్న నియమం కాలక్రమేణా సడలుతున్నది. 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన మూడు వ్యవసాయ చట్టాలలో ఒకటి యార్డు వెలుపల రుసుము లేకుండా వ్యాపారం చేసుకోవచ్చునన్నది. రైతుల ఆందోళన దరిమిలా 2021లో ఆ చట్టాలు రద్దయినవి. అయినా చర్చ ముగియలేదు. 2016లో ప్రారంభమైన ఈనామ్ పద్ధతి వేలంపాటను కంప్యూటరు తెరమీదికి తీసుకుపోయినది. కళ్లమువద్దనే అమ్ముకొనే రైతుకు బండి కిరాయి మిగులుతుంది, అది నిజం. కాని అక్కడ అతనొక్కడే ఉంటాడు. యార్డులోనైతే పక్కవాని దిమ్మకు ఎంత పలికినదో వినగలుగుతాడు. పదిమంది ఎదుట పలికిన ధరకు సాక్ష్యం ఉంటుంది. తెరమీది ధరకైనా, అరుగుమీది ధరకైనా ఈ సాక్ష్యమే ప్రాణం. దానిని కాపాడగలిగిన ఏ పద్ధతినైనా స్వాగతించవచ్చును.

చేయదగిన పనులు

కట్టడాల విషయంలో మొదట కావలసినది లెక్క. ఏ వీథిలో ఏ మండీ ఎప్పుడు కట్టినది, దూలాలు ఏ కలపవి, పెంకులు ఎక్కడివి, అరుగు ఎత్తెంత, గోడ మందమెంత అన్న వివరాలు వ్రాతలోకి ఎక్కకముందు రక్షణ గురించి మాట్లాడడం గాలిలో మేడలు కట్టడమే. యజమానిని శత్రువుగా చూసే పద్ధతి కూడదు. పాతకొట్టును నిలుపుకొన్నవానికి ఆస్తిపన్నులో తగ్గింపు, మరమ్మతుకు తక్కువ వడ్డీ అప్పు, రోడ్డు వెడల్పులో ముఖభాగాన్ని తప్పించే ప్రయత్నం: ఇటువంటివి ఉంటే అతడే కాపలాదారు అవుతాడు. నిషేధం ఒక్కటే చేతికిస్తే ఒక వానాకాలంలో కప్పు దానంతటదే కూలేటట్లు చూసి ఊరుకుంటాడు. ఈ పరిణామం దేశంలో ఎన్నో పాతబజారులలో జరిగినదే.

రెండవది, యార్డునూ మండీ వీథినీ వేర్వేరుగా చూడకుండా ఒకే బజారుగా భావించడం. బెల్లం వండే కాలంలో యార్డుకు వచ్చేవారికి వేలంపాట ఎట్లా జరుగుతుందో చూపి, రసాయనం కలపని బెల్లాన్ని అక్కడనే అమ్మే ఏర్పాటు చేస్తే రైతుకు కొంత లాభం, బజారుకు కొంత పేరు. శంకరం గుట్టలు చూడవచ్చినవారు పట్టణంలోకి దిగి బజారు చూసి పోయే వీలు కల్పించడానికి పెద్ద వ్యయం అక్కరలేదు.

మూడవ పని పాఠశాలలది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వులు రావలసిన పని లేదు. తొమ్మిదవ తరగతి విద్యార్థులకు గణితంలో వైశాల్యాలు, ఘనపరిమాణాలు చెప్పుతారు. ఒక పాతమండీ గదిని కొలిపిస్తే అదే పాఠం. సాంఘికశాస్త్రంలో మార్కెట్ల గురించి చెప్పుతారు. ఒక ఉదయం వేలంపాట చూపిస్తే అదే పాఠం. భౌతికరసాయన శాస్త్రంలో ద్రావణాల సంగతి వస్తుంది. వానాకాలపు దిమ్మ చెమర్చడం అందుకు తగిన ఉదాహరణ. తెలుగు ఉపాధ్యాయులకైతే పండుగే. కొలగారు, కళాసీ, దిమ్మ, కార్శి, జడచుట్టు, వీశె, బారువ: వీటిలో కొన్ని నిఘంటువులలో దొరుకుతవి, కొన్ని దొరకవు, దొరికినవాటికైనా అక్కడ వ్రాసిన అర్థం బజారులోని అర్థమంత నిండుగా ఉండదు. వృద్ధులైన కొలగార్ల చేత, గానుగల వద్ద పాకం దించేవారి చేత ఈ మాటలు చెప్పించి పిల్లలు వ్రాసుకుంటే, ఆ పుస్తకం పాఠశాల గ్రంథాలయంలో ఉంటే, రేపు రక్షణ పట్టిక తయారుచేయబోయే అధికారికి అంతకుమించిన ఆధారం ఉండదు.

వర్తకుల ఇళ్లలో పాత లెక్కల పుస్తకాలు ఇంకా అటకలమీద ఉండవచ్చును. ఏ సంవత్సరం ఏ ఊరి రైతు ఎన్ని దిమ్మలు తెచ్చినాడు, ఏ ధర పలికినది, ధర్మం ఖాతాకు ఎంత చేరినది అన్న సంగతులు వాటిలోనే ఉంటవి. చెదలు పట్టకముందే వాటికి నకళ్లు తీయించడం, యజమానుల అనుమతితో ఒకచోట భద్రపరచడం వర్తక సంఘం తలచుకొంటే అయ్యే పని. కళాశాలకు తన పేరునిచ్చిన సంఘానికి ఇది భారం కాజాలదు.

శంకరం గుట్టమీద రాయి వేయి సంవత్సరాలకు పైగా నిరీక్షించగలిగినది. మట్టిగోడకూ, మనిషి జ్ఞాపకానికీ అంత ఓపిక లేదు. సంక్రాంతినుంచి ఉగాదివరకు గానుగలు ఆడుతూ, బజారుకు దిమ్మలు వస్తూ ఉండే ఆ రెండుమూడు మాసాలు పాఠశాలలు తెరిచి ఉండే రోజులే. అప్పుడే ఒక తరగతి పిల్లలు పలకా టేపూ తీసుకొని బజారుకు పోవచ్చును. కాటా పక్కన నిలబడిన వృద్ధుణ్ణి, తాతా, వీశె అంటే ఎంత అని అడగవచ్చును. ఆయన ఇంకా జవాబు చెప్పగలడు.